నాలుగు మాత్రల ఖాళీ

లాలాగూడ వర్క్‌షాపు సైరన్ ఏ స్వరంలో కూస్తుందో
మా క్వార్టర్లలో ఒక్కరికే తెలుసు.
"కొంచెం కిందికి వాలిన గాంధారం" అనేవారు దేవవరం మాస్టారు,
కూరలో ఉప్పు చూసినట్టు నాలుక చప్పరించి.

బాయిలర్ షాపులో ముప్పై ఒక్క ఏళ్లు.
రివెట్ల మోతకి ఎడమ చెవి యాభై దాటకుండానే పోయింది.
సొప్రానోల్ని కుడిపక్కకి మార్చి
ఆల్టోలం, మమ్మల్ని, చెవిటి పక్కన నిలబెట్టారు.
"మీరు తప్పు పాడితే నాకు కనపడుతుందిలే."
నిజంగానే కనపడేది.
గొంతు కింద నరం చూసి
ఏస్తేరు అర స్వరం జారిందని పట్టేసేవారు.

బుధవారాలు రిహార్సల్.
బాస్ పాడే మగవాళ్లు షిఫ్టు దిగి
చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని తిన్నగా చర్చి హాలుకే వచ్చేవాళ్లు.
ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే
నాకు మంద్రం వినిపిస్తుంది.

ఓ ఏడు సికింద్రాబాద్ స్టేషన్ ముందు
రష్యా పుస్తకాల వ్యాను ఆగింది.
రెండు రూపాయలకి ఒక పాటల పుస్తకం తెచ్చారు.
అక్షరాలు ఇంగ్లీషువే,
కొన్నింటి నెత్తిన మాత్రం రెండేసి చుక్కలు.
"ఎస్టోనియా" అన్నారు.
"గదేడుంటది సార్?" అన్నాడు గాబ్రియేలు.
మెట్టుగూడ బడి గ్లోబులో ఆ పేరే లేదు.
లెక్కల టీచరు ఎర్ర రంగు అంచున, సముద్రం పక్కగా
పెన్సిల్‌తో చుక్క పెట్టి ఇచ్చాడు.

చివరి పేజీలో పాట కట్టినాయన ఫోటో,
రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని.
పేరు నోరు తిరగక చేతులాయన అనేవాళ్లం.
కింద ఆయన జీవితం, ఐదు లైన్లు.
అది చదవడం ఈ ఊళ్లో ఎవరికొచ్చు?
మాస్టారే చెప్పేవారు, వారానికో రకంగా.

ఒక బుధవారం ఆయన వడ్రంగి కొడుకు.
ఒక బుధవారం మోకాలి లోతు మంచులో నిలబడి
ఊరు ఊరంతటి చేతా పాడించాడు.
మాస్టారు సమ్మె చేసి ఇరవై రోజులు జైల్లో ఉండి వచ్చాక
ఆయనా జైలుకెళ్లొచ్చాడు, అదే ఇరవై రోజులు.
రత్నమణమ్మ గారు పోయిన నెల,
ఆయన అసలు పెళ్లే చేసుకోలేదన్నారు,
పాట పేజీ కోసం వెతుకుతూ, తల ఎత్తకుండా.
కిందటి ఏడు పిల్లలున్నారన్నారు కదా అని
ఎవ్వరం అడగలేదు.

ఆ పాటలో నాకు దగ్గరగా తోచిన మాట ఒక్కటే: మా.
ఎనిమిది మాత్రలు సాగదీయాలి.
మాది అనుకునే పాడాం ఇన్నేళ్లూ.
మా షెడ్డు, మా పంపు, మా వాటా ఎండ.
మొన్న మనవరాలు ఫోన్లో వెతికి చెప్పింది,
అక్కడ మా అంటే నేల అట.
ఈ కబురు చెప్పాల్సిన మనిషి
నారాయణగూడలో దాని కిందే ఉన్నాడు.

ఆయన సొంతంగా కట్టింది ఒక్కటే పాట.
పాత జాబ్ కార్డుల వెనక, నాలుగు గొంతులకి, పెన్సిల్‌తో.
మధ్యలో ఒకచోట అందరికీ ఖాళీ.
పక్కన చిన్న అక్షరాలతో: ఇక్కడ ఐదింటి సైరన్.
ఆ ఒక్క గొంతు కోసం సరిగ్గా నాలుగున్నర దాటాక,
గడియారం చూసుకుని మొదలుపెట్టేవాళ్లం.
రెండుసార్లు కలిసింది.
మూడోసారి సైరన్ నిమిషం ఆలస్యమైతే
మాస్టారు చేతులు దించలేదు. భుజాలు వణికాయి. దించలేదు.

ఇప్పుడు సైరన్ లేదు.
బాస్ పాడటానికి ఇద్దరే మిగిలారు,
అందులో ఒకరికి ఆయాసం.
ఐనా ఆ చోటికి రాగానే ఆగుతాం,
ఫ్యాను చప్పుడులో నాలుగు లెక్కపెడతాం.
ఏస్తేరు మాత్రం మూడుకే అందుకుంటుంది,
నరం చూసేవాళ్లు లేరని.